ఉష్ణానికి వెలకట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జూల్

నేతకు, అద్దకానికి పేరుపొందిన మన షోలాపూర్‌లో ఏ పెద్ద అద్దకపు కార్ఖానాకు వెళ్లినా, అక్కడ నూనెను కాచి యంత్రాలకు వేడినందించే హీటరు మీద ఒక లోహపు పలక బిగించి ఉంటుంది. దాని మీద గంటకు ఇన్ని లక్షల కిలో కెలోరీలని చెక్కి ఉంటుంది. అదే కార్ఖానాలో మోటారు పలకపై హెచ్.పి. అని, యజమాని గదిలోని ఏ.సి. యంత్రంపై టన్నులని, దానితోపాటు వచ్చిన కాగితాలలో గంటకు ఇన్ని బి.టి.యు.లని, ఇంటిలో నీళ్లు కాచే గీజరుపై వాట్లని ఉంటుంది. పేర్లు అయిదు, విషయం ఒక్కటే. నియమిత కాలంలో ఎంత శక్తి ఒక చోటి నుండి మరొక చోటికి, ఒక రూపం నుండి మరొక రూపంలోకి మారుతున్నదన్నదే ఆ విషయం. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, ఆఫీసులో హిందీయో ఇంగ్లీషో మాట్లాడే మన పిల్లలకు ఒకే వస్తువుకు నాలుగు పేర్లుండటం కొత్త కాదు. అయినప్పటికీ భౌతికశాస్త్రం పరీక్షలో ఒక ప్రమాణాన్ని మరొక ప్రమాణంలోనికి మార్చమనగానే వారిలో చాలామందికి కలం ఆగిపోతుంది. ఏ సంఖ్యతో గుణించాలో కంఠస్థం చేశారే గాని, ఆ సంఖ్య ఎక్కడి నుండి వచ్చిందో వారికెవరూ చెప్పలేదు. అది ఒక మనిషి జీవితంలో నుండి వచ్చింది. ఆయన పేరు జేమ్స్ ప్రెస్కాట్ జూల్.

జూల్ 1818 డిసెంబరు 24న ఇంగ్లండులో మాంచెస్టరు నగరాన్ని ఆనుకొని ఉన్న సాల్ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి బెంజమిన్ జూల్ ధనికుడైన బీరు వ్యాపారి. సొంత సారాబట్టీ యజమాని. తల్లి పేరు ఆలిస్ ప్రెస్కాట్. మాంచెస్టరు ఆ కాలంలో ప్రపంచపు నూలు బట్టల రాజధాని. ఎటు చూచినా ఆవిరియంత్రాలు, పొగగొట్టాలు. బాల్యంలో జూల్‌కు వెన్నెముకలో దోషముండేది, ఆరోగ్యం అంతంతమాత్రం. అందువల్ల ఆయన బడికి వెళ్లలేదు. ఇంటివద్దనే ఉపాధ్యాయులు చదువు చెప్పారు. స్వభావం చేతనే బిడియస్థుడు. సభలలో మాట్లాడటమంటే ఆయనకు కడదాకా ఇబ్బందిగానే ఉండేది.

1834లో తండ్రి ఆయనను, అన్న బెంజమిన్‌ను మాంచెస్టరులోని లిటరరీ అండ్ ఫిలసాఫికల్ సొసైటీకి చదువుకోసం పంపాడు. అక్కడ వారికి గురువు మరెవరో కాదు, పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్. అప్పటికే యూరప్ ఖండమంతటా కీర్తి గడించిన ఆ వృద్ధుడు ఈ పిల్లలకు మొదట రసాయనశాస్త్రం చెప్పలేదు. అంకగణితం, యూక్లిడ్ జ్యామితి చెప్పాడు. 1837లో డాల్టన్‌కు పక్షవాతం రావడంతో ఆ చదువు ఆగిపోయింది. విశ్వవిద్యాలయ విద్య జూల్‌కు ఎన్నడూ లభించలేదు. ఆచార్య పదవి కూడా ఆయన ఎన్నడూ నిర్వహించలేదు. కొలతలో తొందరపడరాదన్న బుద్ధి మాత్రం డాల్టన్ వద్దనే అబ్బిందని నేను అనుకుంటాను.

తండ్రి బట్టీలో పని చేస్తూ, తీరిక వేళలలో ప్రయోగాలు చేయడం ఆయన దినచర్య అయింది. కుమారుని అభిరుచి గ్రహించిన తండ్రి ప్రయోగశాల ఏర్పాటు చేసి ఇచ్చాడు. ఆ రోజులలో విద్యుదయస్కాంత మోటారు కొత్త వింత. ఆవిరియంత్రాన్ని తొలగించి దాని స్థానంలో మోటారు పెడితే బొగ్గు ఖర్చు ఆదా కాదా అన్నది యువకుడైన జూల్‌కు కలిగిన ప్రశ్న. అది వ్యాపారి కొడుకుకు కలుగవలసిన ప్రశ్నే. 1838లో ఈ విషయంపై మొదటి వ్యాసం ప్రకటించాడు. అయితే కొలిచి చూడగా ఆశ భంగమయింది. బ్యాటరీలో ఒక పౌను జింకు ఖర్చు చేసి పొందిన పని, మంచి ఆవిరియంత్రంలో ఒక పౌను బొగ్గు చేసే పనిలో నాలుగో వంతు కూడా లేదు. జింకు ధర బొగ్గు ధర కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. మోటారు ఆలోచనను పక్కన పెట్టక తప్పలేదు.

కాని లెక్క చూచిన మనిషికి ఒక సందేహం మిగిలింది. బ్యాటరీ నుండి వెలువడిన శక్తి అంతా మోటారు తిప్పటానికి రాకపోతే మిగిలినది ఎక్కడికి పోయింది? తీగలు వేడెక్కుతున్నవి కదా! ఆ వేడిని కొలిచాడు. తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ప్రవాహపు వర్గానికి, తీగ నిరోధానికి అనుపాతంలో ఉంటుందని 1840లో కనుగొన్నాడు. నేటికీ ఉన్నత పాఠశాల విద్యార్థులు జూల్ నియమమని చదివేది దానినే. ఇస్త్రీపెట్టె, గీజరు, ఫ్యూజు తీగ, మూడూ ఆ నియమం మీదనే పనిచేస్తాయి. ఆనాడు లండన్‌లోని రాయల్ సొసైటీ ఆ వ్యాసంలోని సారాంశాన్ని మాత్రమే అచ్చువేసింది. పూర్తి వ్యాసం మరుసటి సంవత్సరం వేరొక పత్రికలో వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవైరెండేళ్లు.

ఆ కాలపు పండితులు ఉష్ణాన్ని ఏమనుకునేవారో చెప్పకపోతే తరువాతి కథ బోధపడదు. ఉష్ణం ఒక సూక్ష్మమైన ద్రవమనీ, వేడి వస్తువులో ఎక్కువగా, చల్లని వస్తువులో తక్కువగా ఉండి ఒకదాని నుండి మరొకదానిలోకి ప్రవహిస్తుందనీ, దానిని సృష్టించడం గాని నశింపజేయడం గాని సాధ్యం కాదనీ పెద్దలందరూ నమ్మేవారు. దానికి కెలోరిక్ అని పేరు. మనం నేడు వాడే కెలోరీ అన్న మాట ఆ ద్రవం పేరుతో పుట్టినదే. 1798లోనే కౌంట్ రమ్‌ఫర్డ్ ఈ వాదాన్ని శంకించాడు. మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగి గొట్టాలను తొలుస్తున్నప్పుడు మొద్దుబారిన పనిముట్టు రాపిడికి నీరు మరగడం, గుర్రాలు తిరుగుతున్నంతసేపు వేడి పుడుతూనే ఉండటం గమనించి, ఇంత ఎడతెగని వేడి ఒక ద్రవం కాజాలదని, అది చలనమే అయి ఉండాలని భావించాడు. అయితే ఎంత చలనానికి ఎంత ఉష్ణమన్న కచ్చితమైన లెక్క ఆయన తేల్చలేదు. వెల తెలియని వస్తువుకు మారకం ఉండదు. అందుచేత పాత వాదం మరి నలభై ఏళ్లు నిలిచింది.

ఆ వెల కట్టినది జూల్. 1843 ఆగస్టులో ఐర్లండులోని కార్క్ నగరంలో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో తన ఫలితం చదివాడు. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడి చేయడానికి కావలసిన ఉష్ణం, 838 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తుకు లేపగలిగిన పనికి సమానమని ఆయన ప్రకటన. ఇక్కడ విద్యార్థులు ఒక క్షణం ఆగాలి. ఒక పౌను నీటికి ఒక డిగ్రీ వేడి అంటే నేటి బి.టి.యు. అడుగు-పౌను అంటే యంత్రం చేసిన పని. ఈ రెండింటి మధ్య సమానత్వపు గుర్తు పెట్టడమంటే, అంతవరకు వేరు వేరు లోకాలుగా ఉన్న వైద్యుని థర్మామీటరును, కూలివాని బరువును ఒకే తక్కెడలో వేయడం. సభ మౌనంగా విన్నది. ఎవరూ ఖండించలేదు; ఎవరూ ఒప్పుకోలేదు. ఖండనకంటె అటువంటి మౌనమే కష్టమని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన నిరుత్సాహపడలేదు. ఒకే పద్ధతిలో వచ్చిన ఫలితాన్ని ఎవరు నమ్ముతారని, ఆ సంఖ్యను పలు మార్గాలలో వెదికాడు. సన్నని రంధ్రాల గుండా నీటిని బలవంతంగా నెట్టి పుట్టిన వేడిని కొలిస్తే 770 వచ్చింది. గాలిని పంపుతో కుదించి, అప్పుడు పుట్టిన వేడిని కొలిచి మరొక వ్యాసం రాశాడు. 1844లో రాయల్ సొసైటీ దానిని తిరస్కరించింది. 1845లో నీటిలో రెక్కల చక్రం తిప్పే ప్రసిద్ధ ప్రయోగాన్ని మొదటిసారి వర్ణించినప్పుడు 890 వచ్చింది. సంఖ్యలు ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నాయేమని పాఠకులు అడగవచ్చు. వాటిని దాచకుండా ప్రకటించడమే ఆయన గొప్పతనమని నా ఉద్దేశం. పుస్తకంలోని జవాబుకు సరిపోయేటట్లు ప్రయోగశాల రికార్డులో అంకెలు దిద్దే అలవాటు అన్ని తరాల విద్యార్థులకూ ఉన్నదే కదా.

1847 ఏప్రిల్‌లో మాంచెస్టరులోని సెయింట్ ఆన్స్ చర్చి పాఠశాలలో సామాన్య శ్రోతల ముందు ఆయన ఒక ఉపన్యాసమిచ్చాడు. శక్తి రూపం మారుతుందే గాని నశించదన్న సిద్ధాంతాన్ని గణిత సమీకరణాలు లేకుండా అందులో పూర్తిగా వివరించాడు. శాస్త్ర పత్రికలు కాదు, మాంచెస్టరు కొరియర్ అనే వార్తాపత్రిక దానిని ప్రచురించింది. అన్నగారికి ఆ పత్రికతో సంబంధముండటం అందుకు కలిసివచ్చింది. పందొమ్మిదవ శతాబ్దపు మహత్తరమైన ఒక భావం ఒక చిన్న బడి గదిలో, ఊరి పత్రిక పుటలలో లోకానికి మొదటిసారి సమగ్రంగా వెల్లడి కావడం మనవంటి బడులవారికి సంతోషం కలిగించే విషయం.

ఆ జూన్‌లో ఆక్స్‌ఫర్డులో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో ఆయనకు కేటాయించిన సమయం స్వల్పం. క్లుప్తంగా ముగించమని అధ్యక్షుడు కోరాడు. కార్క్‌లో వలెనే ఇది కూడా గడిచిపోయి ఉండేది. కాని శ్రోతలలో ఇరవైమూడేళ్ల యువకుడు ఒకడున్నాడు. గ్లాస్గోలో అప్పటికే ఆచార్యుడైన విలియం థామ్సన్, తరువాతి కాలంలో కెల్విన్ ప్రభువు. థామ్సన్ మొదట జూల్ చెప్పినది తప్పని భావించాడు. వింటున్నకొద్దీ అది కొట్టివేయదగినది కాదని తెలిసింది. పూర్తిగా అంగీకరించడానికి ఆయనకు కొన్ని సంవత్సరాలు పట్టింది. అంత తేలికగా ఒప్పుకోని మిత్రుడు దొరకడం జూల్‌కు లాభించింది.

అదే సంవత్సరం ఆగస్టులో జూల్ అమీలియా గ్రైమ్స్‌ను వివాహమాడాడు. నూతన దంపతులు ఆల్ప్స్ పర్వతాలలోని షామొనీ ప్రాంతానికి వెళ్లారు. అక్కడ దారిలో థామ్సన్ వారిని అనుకోకుండా కలుసుకున్నాడు. పెళ్లికొడుకు చేతిలో పొడవాటి థర్మామీటరు ఉండటం చూచానని ఆయన తరువాత చెప్పేవాడు. జలపాతం పైన, కింద నీటి ఉష్ణోగ్రతలను పోల్చాలని జూల్ కోరిక. పైనుండి పడిన నీటికి చలనముంటుంది. అడుగున ఆ చలనం ఆగిపోతే దానికి సరిసమానమైన వేడి పుట్టాలి. నయాగరా వంటి 160 అడుగుల జలపాతంలో కూడ తేడా ఫారన్‌హీటు డిగ్రీలో అయిదో వంతు మాత్రమేనని ఆయన అంతకుముందే లెక్కకట్టాడు. సలాంష్ జలపాతం వద్ద ఇద్దరూ కలిసి ప్రయత్నించారు గాని నీరు తుంపరలై చెదిరిపోవడం వల్ల కొలత కుదరలేదు. మన పొరుగు కర్ణాటకలోని జోగ్ జలపాతం ఎత్తు 253 మీటర్లు. లెక్క ప్రకారం అడుగున నీరు పైనున్న నీటికంటె సుమారు 0.6 సెంటిగ్రేడు డిగ్రీ వెచ్చగా ఉండాలి. అక్కడ కూడ తుంపరలు, నీటి ఆవిరి ఈ లెక్కను తప్పక పాడుచేస్తాయి.

జలపాతం ఇవ్వని జవాబును ఆయన తన ఊరిలో, ఒక విశాలమైన నేలమాళిగలో సంపాదించాడు. ఉష్ణోగ్రత మారకుండా ఉంటుందనే నేలమాళిగను ఎన్నుకున్నాడు. రాగి పాత్రలో సుమారు 6 కిలోల నీరు. దానిలో ఇత్తడి రెక్కల చక్రం. నీరు చక్రంతోపాటు సుడి తిరిగిపోకుండా పాత్ర గోడలకు అడ్డు పలకలు. చక్రపు ఇరుసుకు చుట్టిన దారాలు కప్పీల మీదుగా వెళ్లి రెండు సీసపు బరువులను మోస్తాయి. ఒక్కొక్క బరువు సుమారు 29 పౌన్లు. బరువులు మెల్లగా దిగుతుంటే చక్రం నీటిని చిలుకుతుంది. మజ్జిగ చిలికే కవ్వాన్ని తలచుకుంటే మన పిల్లలకు యంత్రం కళ్లకు కడుతుంది. బరువులు నేలను తాకగానే మళ్లీ పైకి చుట్టి వదలాలి. ఇలా ఇరవై మార్లు చేస్తే బరువులు మొత్తం సుమారు 105 అడుగులు దిగినట్లు. ఇంత శ్రమకు నీటిలో కలిగిన వేడి ఫారన్‌హీటు డిగ్రీలో సగానికి కొద్దిగా మించి ఉంటుంది. సెంటిగ్రేడులో మూడో వంతు కంటె తక్కువ!

ఆ చిన్న తేడాను పట్టుకోవడంలోనే కిటుకంతా ఉన్నది. మాంచెస్టరులోని పరికరాల తయారీదారు జాన్ బెంజమిన్ డాన్సర్ చేసి ఇచ్చిన థర్మామీటర్లతో డిగ్రీలో రెండు వందల వంతును సైతం ఆయన చదవగలిగేవాడు. గదిలోని గాలి నీటికిచ్చిన వేడి ఎంత, నీటి నుండి తీసుకున్న వేడి ఎంత, కప్పీల రాపిడిలో పోయిన పని ఎంత, నేలను తాకినప్పుడు బరువులకు మిగిలిన చలనం ఎంత, ఇవన్నీ ఒక్కొక్కటిగా లెక్కవేసి తీసివేశాడు. బట్టీలో పులిసే ద్రవాల ఉష్ణోగ్రతను నిత్యం కనిపెట్టి ఉండే వృత్తి ఆయన కంటికి ఈ నైపుణ్యాన్ని ఇచ్చి ఉంటుందని పలువురు చరిత్రకారుల ఊహ. ఒక్క నీటితోనే నలభై పర్యాయాలు చేశాడు. అటుపిమ్మట నీటికి బదులు పాదరసంతో, ఆపైన పోతయినుపు పలకలను ఒకదానితో ఒకటి రాపిడి చేసి తిరిగి కొలిచాడు. ఏది రాసుకున్నా, ఏది చిలికినా ఫలితం ఒక్క చోటికే వచ్చింది: 772 అడుగు-పౌన్లు. 1849 జూన్‌లో మైకేల్ ఫారడే ద్వారా ఆ వ్యాసం రాయల్ సొసైటీ ముందుకు వెళ్లింది. అయిదేళ్ల క్రితం తలుపు మూసిన ఆ సంస్థ దానిని 1850లో ప్రచురించి, అదే ఏడు ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది.

న్యాయం కోసం మరొక పేరు చెప్పాలి. జర్మనీ దేశపు వైద్యుడు జూలియస్ రాబర్ట్ మేయర్ 1840లో డచ్చి ఓడలో జావాకు వెళ్లి, రక్తపు రంగును గురించిన ఒక పరిశీలనతో మొదలుపెట్టి, 1842లోనే ఉష్ణానికీ పనికీ సమానత్వమున్నదని ప్రకటించాడు. భావంలో ముందువాడు మేయర్. ప్రయోగంతో నిలబెట్టినవాడు జూల్. ఘనత ఎవరిదన్న వివాదం 1860లలో రెండు దేశాలలోనూ సాగింది. రాయల్ సొసైటీ కోప్లీ పతకాన్ని 1870లో జూల్‌కు, 1871లో మేయర్‌కు ఇచ్చింది. ఇంతకంటె చక్కని తీర్పు నాకు తోచదు.

ఇంటి జీవితంలో ఆయనకు సుఖం కొద్దికాలమే. ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిన తరువాత 1854లో మూడవ శిశువుతోపాటు అమీలియా కూడ మరణించింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. బట్టీ కూడ ఆ రోజులలోనే అమ్ముడుపోయింది. థామ్సన్‌తో కలిసి 1852 నుండి పదేళ్లు సాగించిన పరిశోధన ఆ కాలంలో ఆయనకు ఆధారం. పీడనంలో ఉన్న వాయువును సన్నని మార్గం గుండా వ్యాకోచింపజేస్తే అది సాధారణంగా చల్లబడుతుందని వారిరువురూ చూపారు. వాయువులను ద్రవీకరించే యంత్రాలకు తరువాత ఇదే మూలమయింది.

1870లలో బ్రిటిష్ అసోసియేషన్ కోరిక మేరకు, అరవై ఏళ్ల వయస్సుకు చేరువలో, దుర్బలమైన ఆరోగ్యంతో, ఆయన ఆ పాత కొలతను మరింత జాగ్రత్తగా తిరిగి చేశాడు. 1878లో ప్రకటించిన ఫలితం 772.55. ముప్పై ఏళ్ల కిందటి సంఖ్యకు ఒక అడుగు-పౌను అంత దూరమైనా లేదు. అప్పటికి పిత్రార్జితమంతా తరిగిపోయింది. ఆ ఏడే ప్రభుత్వం ఆయనకు సాలుకు 200 పౌన్ల పింఛను మంజూరు చేసింది.

1882లో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షుడు విలియం సీమెన్స్ రెండు కొత్త ప్రమాణాలను ప్రతిపాదించాడు. శక్తికి జూల్, శక్తి రేటుకు, అనగా సామర్థ్యానికి, వాట్. జూల్ అప్పటికి జీవించే ఉన్నాడు. ఆవిరియంత్రాన్ని తీర్చిదిద్దిన జేమ్స్ వాట్ 1819 ఆగస్టులో మరణించేనాటికి జూల్ ఎనిమిది నెలల పసివాడు. ఆ ఇద్దరి పేర్లూ ఒక్క వాక్యంలో ముడిపడ్డాయి: సెకనుకు ఒక జూల్ చొప్పున శక్తి మారితే అది ఒక వాట్. 1889లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఈ ప్రమాణాలను ఆమోదించింది. అదే సంవత్సరం అక్టోబరు 11న మాంచెస్టరు సమీపంలోని సేల్‌లో జూల్ కన్నుమూశాడు. బ్రూక్‌లండ్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి రాతిపై 772.55 అన్న సంఖ్య చెక్కి ఉన్నది. మాంచెస్టరు పురమందిరంలో గురువు డాల్టన్ విగ్రహానికి ఎదురుగా శిష్యుని విగ్రహమున్నది. రెక్కల చక్రం లండన్ సైన్సు మ్యూజియంలో ఉన్నది.

నేటి పుస్తకాలలో ఆ సంఖ్య సుమారు 778. తేడా నూటికి ఒక వంతు కూడ లేదు. అమెరికాలోని హెన్రీ రోలండ్ 1880 ప్రాంతంలో జూల్ వాడిన పాదరసపు థర్మామీటరు కొలమానాన్ని వాయు థర్మామీటరుతో పోల్చి చూచి, దిద్దవలసినది చాలవరకు అక్కడే ఉన్నదని తేల్చాడు. చేతిలో తప్పు లేదు, గాజులో ఉన్నది.

మన బడి పూర్వ విద్యార్థులలో పెద్దవారు పౌను-అడుగుల లెక్కలు చదివారు. ఒక కెలోరీ 4.2 కోట్ల ఎర్గులకు సమానమని, దానిని ఇంగ్లీషు అక్షరం జె తో సూచించాలని వారి తరువాతివారు చదివారు. ఆ అక్షరం జూల్ పేరులోనిదే. 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ ఉష్ణానికి కూడ జూల్‌నే ప్రమాణంగా నిర్ణయించింది. నిజానికి ఉష్ణమూ పనీ ఒకటే అయినప్పుడు రెండింటికి రెండు కొలతలెందుకు? అయినా అలవాటు చావదు. బిస్కట్టు పొట్లంపై కిలో కెలోరీ, ఏ.సి. పై టన్ను నిలిచే ఉన్నాయి. కనుక మార్పిడి నేర్వక తప్పదు.

మార్చడంలో పిల్లలు పొరపాటు పడే చోటు ఒక్కటే. ఉష్ణాన్ని మారుస్తారు, కాలాన్ని మరుస్తారు. ఒక కిలో కెలోరీ 4,186.8 జూళ్లు. గంటకు ఒక కిలో కెలోరీ అన్నప్పుడు ఆ జూళ్లు 3,600 సెకన్లలో పంచుకోవాలి, భాగిస్తే 1.163 వాట్లు. ఒక బి.టి.యు. 1,055 జూళ్లు, గంటకు ఒక బి.టి.యు. 0.293 వాటు. తిరగవేస్తే ఒక కిలోవాటు గంటకు 860 కిలో కెలోరీలు, లేక 3,412 బి.టి.యు.లు. ఇవి తెలిస్తే అద్దకపు కార్ఖానాలోని గంటకు 2 లక్షల కిలో కెలోరీల హీటరు 232.6 కిలోవాట్లని వెంటనే చెప్పవచ్చు. వాట్ నిర్ణయించిన అశ్వసామర్థ్యం నిమిషానికి 33,000 అడుగు-పౌన్లు, అంటే సుమారు 746 వాట్లు. ఆ హీటరు అందించే ఉష్ణం 312 గుర్రాల శ్రమ. ఉష్ణమంతా పనిగా మారదన్నది వేరొక పాఠం.

గీజరు సంగతి ఇంటి తల్లులకు ఉపయోగం. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవడానికి 525 కిలో కెలోరీలు, అనగా సుమారు 2,200 కిలో జూళ్లు కావాలి. 2 కిలోవాట్ల గీజరుకు అందుకు పద్దెనిమిది నిమిషాలు చాలు. అంతకుమించి మీట వేసి ఉంచితే థర్మోస్టాటు దానిని ఆపుతుంది గనుక నీరు మరగదు. పాత్ర గోడల గుండా పోయే వేడికి మాత్రం బిల్లు కట్టాలి.

టన్ను అన్న మాట అందరినీ తికమకపెడుతుంది. యంత్రం బరువుకు దానికీ సంబంధం లేదు. మంచుగడ్డలతో చల్లబరచుకునే కాలంలో, 2,000 పౌన్ల మంచు ఇరవైనాలుగు గంటలలో కరగడానికి ఎంత ఉష్ణం తీసుకుంటుందో అంత ఉష్ణాన్ని గది నుండి లాగగల యంత్రానికి ఒక టన్ను అన్నారు. ఒక పౌను మంచు కరగడానికి 144 బి.టి.యు.లు కావాలి. గుణించి గంటలతో భాగిస్తే గంటకు 12,000 బి.టి.యు.లు, అంటే 3.5 కిలోవాట్లు. ఇది గది నుండి బయటకు పంపే ఉష్ణపు రేటు. మీటరులో తిరిగే కరెంటు ఇందులో సుమారు మూడో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. అది యంత్రం చేసే పని. రెండూ వాట్లలోనే చెప్పుతారు గనుక కొనేటప్పుడు ఏది ఏదో అడిగి తెలుసుకోవాలి.

మనిషి కూడ ఒక హీటరే. రోజుకు 2,000 కిలో కెలోరీల భోజనం చేసేవాడు, ఆ శక్తి చివరకు వేడిగానే వెలువడుతుంది గనుక, సగటున 97 వాట్లు వెదజల్లుతాడు. పాతకాలపు నూరు వాట్ల బల్బుకు దాదాపు సమానం. నలభైమంది విద్యార్థులున్న తరగతి గదిలో సుమారు 3.9 కిలోవాట్లు, ఒక టన్ను ఏ.సి. ఆ వేడిని పూర్తిగా లాగలేదు. మన ఊరి ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నపు తరగతులకు కిటికీలన్నీ తెరిచి ఉంచవలసిందని నేను ఉపాధ్యాయులను కోరడానికి ఈ ఒక్క లెక్క సరిపోయింది.